చెడిన ఇంజను – దాచిన దోషము

రోగి చనిపోయినచో ఆయువు తీరినదందురు. పంట పోయినచో కాలము కలసిరాలేదందురు. కారు ఇంజను మూడవమారు చెడినచో మాత్రము "యజమానికి బండి వాడుట తెలియదు" అందురు. మొదటి రెండు మాటలలో మౌఢ్యమున్నను కొంత కరుణ గలదు. మూడవ మాటలో ఆ కరుణయు లేదు. సొమ్ము పోగొట్టుకొన్నవానిని దోషిగా నిలువబెట్టి, సొమ్ము పుచ్చుకొన్నవాడే న్యాయాధిపతియై తీర్పు చెప్పు వింత ఈ కారుల వ్యాపారమునందు నిత్యము జరుగుచున్నది. ఈ తీర్పును మేమంగీకరింపము. ఏల యంగీకరింపమో పాఠకమహాశయులకు విన్నవించుటకే ఈ వ్యాసము.

కారు గలవాని కష్టము కూడ ఒక కష్టమేనా యని కొందరు నవ్వవచ్చును. కాలినడకను పోవువారు, బస్సునకై గంటలకొలది నిలుచువారు కోట్లమంది యున్న దేశమున కారు యజమానికై జాలిపడుట యెందులకని వారి ప్రశ్న. ప్రశ్న సమంజసమే. కాని కారు నేడు జమీందారుల దివాణములకు మాత్రమే పరిమితమైన వస్తువు కాదు. బడిపంతులు, గుమాస్తా, చిన్న దుకాణదారుడు బ్యాంకులో అప్పుచేసి, ఐదేండ్లకో ఏడేండ్లకో తీరు కిస్తీలకు ఒడంబడి దానిని కొనుచున్నారు. దానినే అద్దెకు త్రిప్పి కుటుంబమును పోషించుకొను డ్రైవరులు ప్రతి పట్టణమునను గలరు. అట్టివాని బండి పది దినములు షెడ్డులో నిలిచినచో పది దినములు వాని పొయ్యిలో పిల్లి లేవదు. బండి కదలకున్నను కిస్తీ గడువు కదలివచ్చుచునే యుండును. ఇది భోగము మాట కాదు, బ్రతుకుతెరువు మాట.

ఈ యజమానుల మొర దాదాపు ఎల్లెడలను ఒకే విధముగ నుండును. బండి కొన్న రెండవయేటనో మూడవయేటనో ఇంజనులో టకటకమను చప్పుడు పుట్టును. కంపెనీ షెడ్డునకు తీసికొనిపోయినచో "ఇది మామూలే" యని నూనె మార్చి పంపుదురు. మూడు నెలలకు చప్పుడు మరల వచ్చును. ఈమారు ఏదో భాగమును మార్చి బిల్లు చేతిలో పెట్టుదురు. హామీకాలము ముగిసిన కొలదిదినములకే నడిదారిలో ఇంజను పట్టుకొనిపోవును. మన మెకానిక్కుల మాటలో చెప్పవలెనన్న సీజయిపోవును. అప్పుడు లక్షలలోనికి బోవు అంచనా చీటి వచ్చును. ఏమయ్యా ఇది యని యడిగినచో మూడు ప్రత్యుత్తరములు సిద్ధముగ నుండును: నూనె సకాలమున మార్చలేదు, కల్తీ పెట్రోలు పోసితిరి, బయటి షెడ్డులో బండి విప్పించితిరి. ఈ మూడింటిలో ఏదియు పొసగనిచో నాలుగవది గలదు: "మీ యొక్కరి బండికే ఇట్లయినది, మరెవ్వరును చెప్పలేదు."

ఈ నాలుగవ మాటయే మా వాదమునకు మూలము. మొదటి మూడు మాటలు ఒక్కొక్కప్పుడు నిజము కావచ్చును. నాలుగవది నిజమో అబద్ధమో ఎరిగినవాడు లోకమున ఒక్కడే. ఆ మాట చెప్పించిన కంపెనీవాడు. యజమాని యెరుగడు, ఎరుగుటకు వానికి దారియు లేదు.

మేము బడిపంతులము గనుక మా వృత్తినుండియే యొక యుపమానము చెప్పెదము. తరగతిలో ఒక బాలుడు ఒక లెక్క తప్పినచో అది బాలుని యశ్రద్ధ యనవచ్చును. నలువదిమందిలో ముప్పదిమంది ఆ లెక్కనే, ఆ మెట్టునందే తప్పినచో బాలురను బెత్తముతో కొట్టుట న్యాయము కాదు. పంతులు తన బోధను పరీక్షించుకొనవలెను, లేదా ప్రశ్నలోనే తప్పున్నదేమో చూడవలెను. అయితే ఈ నిర్ణయము చేయుటకు మార్కుల పట్టిక కనబడవలెను గదా! పంతులు పట్టికను పెట్టెలో దాచి, ఒక్కొక్క బాలుని ఒంటరిగ పిలిచి, "తరగతిలో నీ వొక్కడవే తప్పితివి" అని చెప్పినచో ముప్పదిమందియు తలలు వంచుకొని యిండ్లకు పోవుదురు. కారుల వ్యాపారమున నేడు జరుగుచున్నది సరిగా నిదియే. ఫిర్యాదులన్నియు చేరు పట్టిక కంపెనీ పెట్టెలో నున్నది. యజమాని చేతిలో నున్నది తన బిల్లు మాత్రమే.

దోషమెవ్వరిదో తేల్చుట ఎందులకింత కష్టమో తెలియుటకు ఇంజను లోపలి సంగతి కొంచెము తెలియవలెను. పెట్రోలు మండుటవలన పుట్టిన యొత్తిడికి పిస్టను క్రిందికిని మీదికిని ఆడును. ఆ యాటను కనెక్టింగు రాడ్డు అందుకొని క్రాంకుషాఫ్టును గుండ్రముగ త్రిప్పును. రాడ్డునకును షాఫ్టునకును నడుమ పలుచని రేకువంటి బేరింగు లుండును. నిమిషమునకు వేలమారులు తిరుగు ఈ షాఫ్టు బేరింగును నేరుగ తాకదు; తలవెండ్రుకకంటె పలుచనైన నూనెపొర మీద తేలుచు తిరుగును. ఆ పొరయే ఇంజనునకు ప్రాణము. నూనె పోవు సన్నని దారిలో లోహపు రజను పడినను, నూనె చిక్కబడి బురదయైనను, నూనె తగ్గిపోయినను ఆ పొర చిరుగును. లోహము లోహముతో ఒరసికొని బేరింగు అరుగును, చప్పుడు పుట్టును, తుదకు షాఫ్టు పట్టుకొనును, లేదా రాడ్డు విరిగి ఇంజను దిమ్మను పొడుచుకొని వెలికివచ్చును.

ఇందులో నూనె మార్పింపకుండుట యజమాని తప్పు. లోహపు రజను కర్మాగారమునందే ఇంజనులో మిగిలిపోవుట కంపెనీ తప్పు. నూనెను త్రాగివేయునట్టి పిస్టను రింగులను రూపొందించుటయు కంపెనీ తప్పే. కాని మూడింటి ఫలము ఒక్కటియే: అరిగిన బేరింగు, కమిలి నల్లనైన షాఫ్టు. విరిగిన ముక్కమీద హంతకుని పేరు వ్రాసియుండదు. ఒక్క ఇంజనును విప్పి చూచినవాడు కారణము నూహింపవచ్చును. వేయి ఇంజనులను విప్పి చూచినవాడే నిశ్చయింపగలడు. ఆ వేయింటిని చూచినవాడు కంపెనీవాడే.

ఇది మా యూహ యని యెవ్వరును అనుకొనకుండుటకు లోకప్రసిద్ధమైన యొక యుదాహరణమును చూపెదము. కొరియాదేశపు హ్యుందాయి కంపెనీయు, దాని కుటుంబములోనిదే యగు కియా కంపెనీయు తీటా-2 అను పెట్రోలు ఇంజనును అమెరికాలో అమ్మిన లక్షలకొలది బండ్లలో అమర్చినవి. ఉద్యోగములకై అచ్చటికి పోయిన మన తెలుగువారిలోను ఈ కంపెనీల బండ్లు కొన్నవారు గలరు. కొన్నియేండ్లకే ఆ యింజనులలో తట్టుడు చప్పుడు పుట్టుటయు, బండ్లు నడిదారిలో ఆగిపోవుటయు, కొన్ని మంటలంటుకొనుటయు వినవచ్చెను. 2015 సెప్టెంబరులో హ్యుందాయి కంపెనీ 2011, 2012 సంవత్సరముల సొనాటా బండ్లను సుమారు 4,70,000 వెనుకకు పిలిపించెను. అలబామా రాష్ట్రములోని కర్మాగారమున క్రాంకుషాఫ్టులను తొలిచినప్పుడు పుట్టిన లోహపు రజను పూర్తిగ తొలగిపోలేదనియు, అది బేరింగులకు నూనె అందకుండ అడ్డుపడుననియు కంపెనీయే చెప్పెను. అనగా, తమ అశ్రద్ధయే కారణమేమో యని నమ్మి అంతకుముందు సొంతసొమ్ముతో ఇంజను మార్పించుకొన్నవారిలో నిరపరాధులు గలరని తేలినది. దోషము వారు బండి తాళపుచెవి అందుకొనుటకు పూర్వమే ఇంజనులో చేరియుండెను.

లోపము అంతటితో ముగియలేదు. 2017 మార్చి నెలాఖరున రెండు కంపెనీలును కలిసి అమెరికాలో మరి సుమారు 12 లక్షల బండ్లను పిలిపించినవి. ఆ మరుసటి నెలలో కొరియాలోను 1,70,000కు పైబడిన బండ్లను పిలిపింపవలసివచ్చెను. మొదట ఒక్క కర్మాగారపు చిన్న పొరపాటుగ చెప్పబడినది రెండేండ్లలో రెండు ఖండముల వ్యవహారమయ్యెను.

ఈ నడుమ నేమి జరిగెనో చూడుడు. కిమ్ గ్వాంగ్-హో అను నతడు హ్యుందాయి కంపెనీలో ఇరువదియైదేండ్లకు పైగా పనిచేసిన ఇంజనీరు. లోపమును గూర్చి కంపెనీ యెరిగినదంతయు ప్రజలకు తెలియుట లేదని తలచి, లోపలి కాగితములతో 2016 ఆగస్టులో అమెరికా రహదారి భద్రతాధికారుల యొద్దకు పోయెను. ఆ సంవత్సరము నవంబరులోనే కంపెనీ యతనిని పనినుండి తొలగించెను. 2020 నవంబరులో ఆ యధికారులు, బండ్లను సకాలమున పిలిపింపలేదనియు, లోపమును గూర్చి సరియైన సమాచార మీయలేదనియు రెండు కంపెనీలపై ఆరోపించి, మొత్తము 21 కోట్ల డాలర్ల దండనకు ఒడంబడికలు వ్రాయించుకొనిరి. అందులో రొక్కముగ చెల్లింపవలసినది 8 కోట్ల 10 లక్షల డాలర్లు. కియా కంపెనీ ఆ యారోపణము నంగీకరింపక, దీర్ఘవివాదమును మానుటకే సమ్మతించితినని చెప్పెను. 2021 నవంబరులో అధికారులు కిమ్ గారికి 2 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా బహుమాన మిచ్చిరి. తప్పును బయటపెట్టినవానికి వసూలైన సొమ్ములో నూటికి 30 వంతుల వరకు ఈయవచ్చునని 2015లో ఆ దేశమున చట్టము చేసియుండిరి. ఇతనికి ఆ గరిష్ఠభాగమే లభించినది.

పాఠకులు ఒక్క నిమిషము నిలిచి యోచింపవలెను. వేలకొలది యజమానులు చప్పుడు విన్నారు, బండ్లు త్రోయించుకొన్నారు, బిల్లులు చెల్లించినారు, అధికారులకు వ్రాసినారు. వారి మొరకు బలమిచ్చి వ్యవహారము నీకొలిక్కి తెచ్చినది తన యన్నము పోగొట్టుకొన్న యొక నౌకరు చేతిలోని కాగితములు. అనగా కొరత సాక్ష్యము లేకపోవుట కాదు. సాక్ష్యమంతయు ప్రతివాది యింట బందీయై యుండుట. న్యాయము జరుగుటకు ప్రతిమారును ఒక ధర్మవీరుడు తన యుద్యోగమును బలి యీయవలసి యుండినచో అది న్యాయపద్ధతి కాదు, లాటరీ.

ఆ రెండు కంపెనీలలో ఒకదాని కర్మాగారము 2019నుండి మన పెనుకొండ యొద్దనే బండ్లను చేయుచున్నది. అచ్చట పుట్టిన బండ్లలో ఈ లోపమున్నదని మేమనుట లేదు. అట్లనుటకు మాకు ఆధారమును లేదు. మా ప్రశ్న వేరు. ఏ కంపెనీ బండియైనను సరే, అట్టి లోపము మనదేశమున పుట్టినచో దానిని బయటికి లాగుటకు మనయొద్ద నున్న సాధనములేవి?

సాధనములు లేవని మేమనము. 2019లో మోటారువాహనముల చట్టమును సవరించి 110-ఏ అను నిబంధనమును చేర్చిరి. దాని ప్రకారము లోపము గల బండ్లను వెనుకకు పిలిపింపుమని కంపెనీని ప్రభుత్వము ఆజ్ఞాపింపవచ్చును. నియమములు 2021 ఏప్రిలు 1వ తేదినుండి అమలులోనికి వచ్చినవి. ఏడేండ్లలోపు బండ్లకు అవి వర్తించును. అంతకుముందు 2012నుండి ఉన్నది తయారీదారుల సంఘము తమకు తాము విధించుకొన్న నియమావళి మాత్రమే. దొంగయే తలారియైన కాలముకంటె ఇది మేలని యొప్పుకొనవలెను. అయితే ఇందు రెండు చిక్కులు గలవు. మొదటిది: ఆ లోపము ప్రాణములకో పరిసరములకో హాని చేయునదై యుండవలెను. బ్రేకు పనిచేయనిచో చట్టము కదలును; ఇంజను ఇంటిముందే నిలిచిపోయి యజమాని కూడబెట్టిన సొమ్మును మాత్రమే తినివేసినచో చట్టమునకు పని యుండదు. రెండవది: యజమానుల ఫిర్యాదులు ఇంత సంఖ్యకు చేరవలెనని యొక మెట్టు పెట్టిరి. ఎవ్వరెవ్వరు ఫిర్యాదు చేసిరో యొకరికొకరికి తెలియనప్పుడు ఆ మెట్టు ఎక్కుటెట్లు? తరగతిలో ఎందరు తప్పిరో చూపకయే, అందరును కలిసి వచ్చి యడుగుడనుట వంటిది ఇది.

వినియోగదారుల చట్టము గలదు గదా యందురు. గలదు. 1986లో పుట్టి, 2019లో క్రొత్తరూపము దాల్చి, 2020 జూలైనుండి అమలున నున్నది. లోపము గల వస్తువును చేసినవాడు బాధ్యుడని స్పష్టముగ చెప్పుచున్నది. కాని జిల్లా కమిషనులో యజమాని నిలిచినప్పుడు మొట్టమొదట ఎదురగు ప్రశ్న యేది? "ఇది తయారీలోని లోపమని నిపుణుని చేత నిరూపింపుము." నిపుణుడెక్కడ? ఇంజనును విప్పినది కంపెనీ షెడ్డు. అరిగిన ముక్కలు కంపెనీ షెడ్డులో. ఏ నంబరునుండి ఏ నంబరు వరకు గల ఇంజనులకు ఏ భాగమును నిశ్శబ్దముగ మార్చిరో వ్రాసిన కాగితము కంపెనీ బీరువాలో. యజమాని చేతిలో ఆపిన బండి ఫొటోలు నాలుగు, బిల్లులు నాలుగు. ఏనుగుతో పోరాడుమని చీమకు కత్తి యిచ్చి, ఆ కత్తి పిడిని ఏనుగు తొండమున పెట్టినట్లున్నది!

యంత్రపు లోపము నొక్కచోటను, బాగుచేయు విద్యను మరియొక చోటను దాచుట కూడ ఈ వ్యాపారమునకు అలవాటే. బెజవాడ ఆటోనగరులో ఇంజను చప్పుడు విని రోగము చెప్పగల పనివారు ఎందరో గలరు. కాని నేటి బండికి చెవి చాలదు; బండిలోని చిన్న కంప్యూటరుతో మాటలాడు స్కానరు కావలెను, కంపెనీ వ్రాసిన పుస్తకము కావలెను, అసలు విడిభాగములు కావలెను. ఇవి బయటివారికి దొరకకుండ చేసినచో యజమాని యెంత ధర చెప్పినను కంపెనీ షెడ్డునకే పోవలెను. ఈ విషయమున దేశపు పోటీ కమిషను 2014 ఆగస్టు 25వ తేదిని తీర్పు చెప్పెను. 14 కారు కంపెనీలు విడిభాగములను, పరీక్షాపరికరములను బయటి షెడ్డులకు అందనీయక తమ యాధిక్యమును దుర్వినియోగము చేసినవని నిర్ణయించి 2,500 కోట్ల రూపాయలకు మించిన జరిమానా విధించెను. వ్యవహారము పై న్యాయస్థానముల కెక్కెను. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునలు మూడు కంపెనీల విషయమున తప్పు నిజమేనని చెప్పి, జరిమానాను మాత్రము చాల తగ్గించెను. 2022లో కేంద్రప్రభుత్వపు వినియోగదారుల శాఖ "బాగుచేయించుకొను హక్కు" అను పేర నొక వేదికను ప్రారంభించెను. కంపెనీలు తమంత తాము ఇచ్చు సమాచారమును అందు చూపుదురు. అది మంచిదే. కాని ఈయవలెనను విధిలేని చోట ఈయనివానినేమి చేయగలము?

ఇక పరదేశములలో నేమి చేసిరి? మనవారు క్రొత్త కారు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి తొక్కింతురు, దృష్టి తగులకుండుటకు. అమెరికావారు మాటిమాటికి చెడు కారునే నిమ్మకాయ యందురు. వారు నిమ్మకాయను బండి క్రింద పెట్టక చట్టములో పెట్టిరి. 1982లో కనెక్టికట్ రాష్ట్రము తొలిసారి క్రొత్త కారులకై నిమ్మకాయ చట్టము చేసెను. ఒకే లోపమును నాలుగుమారులు బాగుచేయించినను పోనిచో, లేదా బండి మొత్తము మీద 30 దినములు షెడ్డులోనే గడిపినచో, దానిని లోపము గల బండిగ నెంచి కంపెనీ వేరుబండినో సొమ్మునో ఈయవలెను. లోపమేదో యజమాని నిరూపింపనక్కరలేదు. షెడ్డుచీటీలు లెక్కపెట్టిన చాలును. ఇతర రాష్ట్రములును ఆ దారినే పోయినవి. మనకు అట్టి చట్టము లేదు. మనకు నిమ్మకాయలు మాత్రము గలవు.

ఈ భావము పరదేశపుదని, మన సంప్రదాయమునకు క్రొత్తదని యెవ్వరును చెప్పజాలరు. కొన్న వస్తువును గూర్చి పశ్చాత్తాపపడుట ధర్మశాస్త్రములలో వ్యవహారపదములలో నొకటి. యాజ్ఞవల్క్యస్మృతి కొన్నవానికి పరీక్షింప గడువు నిచ్చినది: ఇనుమునకు ఒక దినము, పాడిపశువునకు మూడు, బరువుమోయు పశువునకు ఐదు, రత్నములకు ఏడు, విత్తనములకు పది. దోషము గలదానిని దోషము లేనిదానివలె నమ్మినవానికి మూల్యమునకు రెట్టింపు దండమని కూడ చెప్పినది. ఆ గడువుల పట్టికలోనే స్త్రీలను, దాసులను సరకులతో చేర్చుటను మేము తీవ్రముగ గర్హింతుము. స్మృతియని యన్నిటిని తలదాల్చువారము కాము. కాని బరువుమోయు ఎద్దును పరీక్షించుటకు ఐదుదినములు చాలునని యెరిగిన శాస్త్రకారుడు, మూడేండ్ల తరువాత గాని బయటపడని దోషము గల యెద్దు నమ్మువానిని చూచినచో ఎట్టి దండము వ్రాసియుండునో పాఠకులే యూహింపవచ్చును.

ఆంగ్లేయుల న్యాయమునను కొనువాడే జాగ్రత్త పడవలెనను సూత్రము చిరకాలము రాజ్యము చేసెను. ఎదుట గుఱ్ఱమును పెట్టుకొని పండ్లు లెక్కించి కొను కాలమున దానికి అర్థమున్నది. యంత్రయుగమున ఆ సూత్రము కూలక తప్పలేదు. 1916లో న్యూయార్కు రాష్ట్రపు ఉన్నతన్యాయస్థానమున మాక్ఫర్సన్ అను నాతడు బ్యుయిక్ కంపెనీపై గెలిచిన వ్యవహారము సుప్రసిద్ధము. కారు చక్రపు కొయ్య ఆకులు విరిగి అతడు గాయపడెను. "మేము నీకు అమ్మలేదు, వర్తకునకు అమ్మితిమి, చక్రమును మేము చేయలేదు, వేరొకరియొద్ద కొంటిమి" అని కంపెనీ వాదించెను. న్యాయమూర్తి కార్డోజో ఆ వాదమును త్రోసిపుచ్చెను. పరీక్షించి చూడగలిగినవాడు కంపెనీవాడు గనుక బాధ్యతయు వానిదే యని సారాంశము. నూరేండ్లు దాటినను మా వాదమునకు ఇంతకుమించిన మాట అక్కరలేదు: ఎవనికి తెలియుట సాధ్యమో వానిదే చెప్పు భారము.

కంపెనీల పక్షమువారి యాక్షేపణలకును సమాధానము చెప్పవలెను. యజమానులలో నిజముగ నూనె మార్పింపనివారు లేరా యందురు. ఉన్నారు. అట్టివారిని రక్షింపుమని మేము కోరుట లేదు. కంపెనీ షెడ్డుపుస్తకము, యజమాని బిల్లులు ఎదురెదురుగ పెట్టినచో నిజము తేలును. మా కోరికయు ఎదురెదురుగ పెట్టుమనియే. ఫిర్యాదులను బయటపెట్టినచో దుష్ప్రచారమగునందురు. అమెరికాలో రహదారి భద్రతాధికారులకు చేరిన ఫిర్యాదులను ఎవ్వరైనను చదువవచ్చును. అందువలన ఆ దేశమున కారుల వ్యాపారము మూతపడలేదు. బాగుచేయు రహస్యములను బయటివారి కిచ్చినచో అపాయమందురు. మందుల చీటీని చదువ నేర్చినవాడు వైద్యుని చంపడు. ఇంజనును విప్పు పద్ధతి తెలియని చేత విప్పించుటయే అపాయము. తెలిపి విప్పించుట కాదు. ధరలు పెరుగునందురు. నేడును ధర పెరిగియే యున్నది. అది అమ్మకపు చీటీలో లేదు, దురదృష్టవంతుని షెడ్డుబిల్లులో నున్నది. వేయిమంది కొంచెము కొంచెముగ మోయవలసిన భారమును పదిమంది నెత్తిన పడవేసి దానిని చౌక యనుట లెక్కలు తెలిసినవారి మాట కాదు.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది: ప్రతి రకపు బండికిని ప్రభుత్వమునకు చేరిన ఫిర్యాదులను, యజమానుల పేరులు తీసివేసి, ఎల్లరును చదువునట్లు బహిరంగపరుపవలెను. రెండవది: ఒకే లోపము నియమితమైన మారులు తిరిగివచ్చినచో అది తయారీలోపము కాదని నిరూపించు భారమును కంపెనీపై పెట్టవలెను. మూడవది: విప్పిన ఇంజను ముక్కలు యజమాని సొత్తు, యజమాని సమ్మతి లేనిదే వానిని పారవేయరాదు, విప్పునప్పుడు అతడు కోరిన మెకానిక్కును నిలుపుకొను హక్కుండవలెను. నాలుగవది: లోపమును బయటపెట్టిన కంపెనీ ఉద్యోగికి రక్షణయు, వసూలైన జరిమానాలో భాగమును చట్టమీయవలెను. ఇందులో దేనికిని క్రొత్త విజ్ఞానము కనిపెట్టనక్కరలేదు. దాచినదానిని చూపించిన చాలును.

చట్టము వచ్చువరకు యజమానులు చేయదగిన పనియు గలదు. షెడ్డులో నోటిమాటను నమ్మక, చెప్పిన లోపమును చీటీపై వారిచేతనే వ్రాయించుకొనవలెను. "సాధారణ పరీక్ష" అని వ్రాయనీయరాదు. నూనె మార్పించిన ప్రతి బిల్లును తేదీతో, బండి నడిచిన కిలోమీటర్లతో భద్రపరుపవలెను. మార్చిన పాతభాగమును అడిగి తెచ్చుకొనవలెను. లోపము తెలిసిన రెండేండ్లలోపల కమిషనునకు పోవలెనని చట్టపు గడువు. "వచ్చే సర్వీసుకు చూచెదము" అను తీపిమాటలలో ఆ గడువును కరగనీయరాదు. తీటా-2 ఇంజనుల వ్యవహారమునందును తుదకు కంపెనీ హామీని పొడిగించి, పూర్వము బాగుచేయించుకొన్నవారి సొమ్మును తిరిగి యిచ్చుటకు ఒడంబడినప్పుడు చేయి చాపగలిగినది బిల్లు దాచుకొన్నవాడే.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. మనవారు కష్టమును రహస్యముగ నుంచుకొందురు. చెడుబండిని కొంటినని చెప్పినచో నలుగురు నవ్వుదురని సిగ్గుపడి, ఆ బండినే నోరెత్తక మరియొకనికి అంటగట్టుదురు. ఆ మరియొకడు తరచుగ తనకంటె పేదవాడై యుండును. కంపెనీ తన దోషమును దాచుటయు, మనము మన బండి దోషమును దాచి అమ్ముటయు ఒకే కులపు తప్పులు. మొదటిదానిని నిందించు నోరు రెండవదానిని చేయరాదు. మోసపోయినవాడు సిగ్గుపడవలసిన పని లేదు. ఒకే రకపు బండి గలవారు ఊరికి పదిమంది కూడి తమ బిల్లులను బల్లమీద పరచి చూచుకొన్న దినమున, "మీ యొక్కరి బండికే" అను మాట చెప్పుటకు ఎవ్వరికిని నోరు రాదు.